బీపు చాటు మాట

"సోమవారం విచారణకు ఒరిజినల్ పాటలు పట్టుకురమ్మన్నారు. బీపులు లేకుండా వింటారట."

అక్క ఫోను పెట్టేసి చెప్పిన ఈ ముక్కకు తేలు చేతిలో కాఫీ ఒలికింది.

తేలు అంటే రాప్ పాడే తేలు. అసలు పేరు ఇంట్లోవాళ్లే మరిచిపోయారు. వాడి పాట వస్తే సగం మంది చెవులు మూసుకునేవారు, సగం మంది సౌండు పెంచేవారు. మూసుకున్నవాళ్లు వేళ్ల సందుల్లోంచి వింటున్నారని పెంచినవాళ్ల ఫిర్యాదు.

గొడవంతా బీపులతోనే. "మా వీధి గుంతలో పడ్డ ఇంజినీరూ..." అంటూ పాట గుర్రంలా పరిగెడుతుంది. ఇంతలో కుయ్ మని బీపు. ఆ ఇంజినీరును ఏమన్నాడో ఎవరికి తోచింది వాళ్లు అనుకునేవారు. ఆ పాట వచ్చిన వారానికి ఇంజినీరే ఎండలో నిలబడి గుంతలు పూడ్పించాడు. ఇంటి ఓనర్ల మీద పాట రాగానే ఊళ్లో సగం అద్దె ఇళ్లకు కొత్త రంగులు పడ్డాయి. బడిపిల్లలు పాత తిట్లన్నీ మానేసి "పోరా కుయ్" అనడం మొదలుపెట్టారు. శిక్ష వేయబోయిన టీచర్లు, ఏ మాటకు వేయాలో తెలియక ఊరుకున్నారు.

స్టేజీ మీద తేలు మరీ గడుసు. బీపు రాగానే మైకు జనం వైపు తిప్పేవాడు. జనమే నోటికొచ్చింది అరిచేవారు. పోలీసులు వస్తే, "నేనేమన్నాను సార్? మీరు విన్నారా?" అని అమాయకంగా అడిగేవాడు. వాళ్లు తలలు గోక్కుంటూ వెళ్లేవారు.

బీపులన్నీ అక్క చేతి పని. రేడియోలో సౌండ్ ఇంజినీరుగా ఉండేది. తమ్ముడి మొదటి పాటకు సాయం చేద్దామని వచ్చింది. అది బాంబులా పేలేసరికి ఉద్యోగం మానేసి ఇక్కడే కుర్చీ వేసుకుంది.

"వింటే ఏమవుతుందక్కా?" అన్నాడు తేలు, తెలిసి కూడా.

"ఏమవుతుందా? ఎల్లుండి నుంచి నిన్ను కుక్క కూడా పట్టించుకోదు. నన్ను రేడియోవాళ్లు గేటు లోపలికి రానివ్వరు."

ఇద్దరికీ నిజంగానే భయం వేసింది.

పాటల్లో బూతులున్నాయని ఫిర్యాదు చేసింది ఎవరో కాదు, బళ్లో తేలుకు పద్యాలు నేర్పిన మాస్టారు. విచారణ సంఘానికి పెద్ద ఒక రిటైరైన జడ్జిగారు. ఆవిడకు అటు డాక్టరు, ఇటు బిల్డరు. సోమవారం గది కిటికీలన్నీ మూయించారు. ఆడవాళ్లు బయటికి వెళ్తే మర్యాదగా ఉంటుందని బిల్డరు సలహా ఇచ్చాడు. తాను ఆడమనిషినేనని జడ్జిగారు గుర్తుచేశారు.

మాస్టారు లేచారు. "వీడికి మాటలకు కొదవ లేదమ్మా. అదే మన ఖర్మ. అవేం మాటలో మీరే వినండి."

"ప్లే చెయ్యమ్మా," అన్నారు జడ్జిగారు.

అక్క లాప్‌టాప్ తెరిచింది. పక్కన తమ్ముడి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"చేస్తాను మేడమ్. ఒక్క మాట. విన్నాక వినలేదంటే కుదరదు. బయట విలేకరులున్నారు. ఎవరి గుట్టు బయటపడినా నన్ననకూడదు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అప్పుడు చూడాలి.

డాక్టరు దగ్గాడు. "ఆ ఆస్పత్రి పాటలో... పేర్లు కూడా ఉన్నాయా?"

"మీరే విందురుగాని సార్."

"ఇలాంటివి వింటే సమాజం చెడిపోతుంది," అన్నాడు బిల్డరు. "మనమూ సమాజమే కదా మేడమ్."

జడ్జిగారు కూడా ఆలోచనలో పడ్డారు. కోర్టుల మీదా ఒక పాట ఉంది. అందులో బీపు చాలా పొడుగు.

మాస్టారు మాత్రం పట్టు వదల్లేదు. "వినాల్సిందే. నా శిష్యుడు ఏం నేర్చుకున్నాడో నాకు తెలియాలి."

తేలు గబగబా వెళ్లి ఆయన కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "వద్దు మాస్టారూ. మీరు వింటే మాత్రం జన్మలో మీ ముందు తలెత్తుకోలేను."

అది నటన కాదు. పెద్దాయనకు కళ్లు చెమర్చాయి.

"సరేలేరా. సిగ్గన్నది మిగిలింది. నాకు అది చాలు."

తీర్పు చిటికెలో వచ్చేసింది. ఒరిజినల్ ఇక ఎవరి చెవినా పడకూడదు, అందరి ముందూ ఇప్పుడే చెరిపేయాలి. బీపులున్న పాటలు ఎవరైనా వినొచ్చు. అక్క డిలీట్ నొక్కగానే గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కిటికీలు తెరిచారు. డాక్టరు తన మనవరాలి కోసం తేలుతో ఫొటో కూడా దిగాడు.

"జడ్జిగారే వినలేకపోయారట" అన్న కబురు వాళ్లకంటే ముందే వీధికి చేరింది. జనం తేలును భుజాల మీదికి ఎత్తుకుని కారు దాకా మోశారు. దారి పొడుగునా ప్రతి దుకాణంలోనూ వాడి పాటే. కారు తలుపులు మూసుకోగానే అక్కాతమ్ముళ్లు పొట్టలు పట్టుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు.

ప్రాసకు మాట తట్టక తమ్ముడు గుటకలు మింగిన చోటల్లా అక్క ఒక బీపు అతికించిందే కానీ, మొదటి పాట నుంచి ఈనాటి దాకా ఆ బీపుల చాటున ఒక్క మాటైనా లేదు.