నీలి టిక్కులు

“ఒక్క యాప్‌లో కనపడే గుర్తుకి విడిగా వ్యాసం ఎందుకు? తొలగించాలి.”

ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో తను రాసిన ‘నీలి టిక్కులు’ వ్యాసానికి ఎవరో పెట్టిన ఈ ప్రతిపాదన చూసేసరికి కెజియాకు ఒళ్లు మండింది.

“మా ఒంగోలు వైపు మిరప కోతలకు రమ్మని మేస్త్రి వాట్సాప్‌లో కబురు పెడతాడు. ఎవరూ జవాబివ్వరు. రెండు టిక్కులూ నీలంగా మారితే వస్తున్నట్టే లెక్క, ఆటో మాట్లాడేస్తాడు. అలాంటి గుర్తుకి ఒక పేజీ ఇవ్వలేరా?” అని చర్చలో రాసింది.

తర్వాత జయపాల్‌కు ఫోన్ చేసింది. ఆమెకు వ్యాసాలు రాయడం నేర్పింది అతనే.

“నువ్వు కూడా నాలుగు ముక్కలు రాయి.”

“రాస్తాలే.”

సాయంత్రానికి రాశాడు.

“తొలగించాలి. టిక్కు పడితే చూసినట్టు, ఒప్పుకున్నట్టు కాదు. మా ఇద్దరి పెళ్లి ప్రకటన ఈ ఆదివారం చర్చిలో చదివిస్తున్నామని వ్యాసకర్త గారు నాకు మెసేజీ పెట్టారు. టిక్కులు నీలమయ్యాయి. నేను ఒప్పుకోలేదు.”

కెజియా ‘గారు’ దగ్గరే ఆగిపోయింది.

ఆ ఆదివారం పాస్టరుగారు ప్రకటన చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పమన్నారు. జయపాల్ మగవాళ్ల వైపు ముందు వరసలోనే, ఒళ్లో బైబిలు పెట్టుకుని కూర్చునే ఉన్నాడు.