తెల్లగుడ్డ కింద

“ఫెబా, మీ నాయన గేటు కాడ ఉండాడు. నిన్నే అడుగుతాండాడంట.”

సౌమ్య మేడమ్ ఆ మాట చెవిలో చెప్పగానే ఫెబా చేతిలోని తెల్లగుడ్డ జారి కింద పడింది.

నంద్యాలలోని ఆ కాలేజీలో శిల్పాల మ్యూజియం ఒకటుందని చాలామంది విద్యార్థులకు తెలియనే తెలియదు. ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన దేవతలు, నందులు, నాట్యగత్తెలు ఒక పెద్ద హాల్లో దుమ్ము పట్టి ఉండేవి. క్లాసులయ్యాక సాయంత్రం పూట హాలు తెరిచి పిల్లల్ని రప్పించాలని, మ్యూజియం చూసుకునే సౌమ్య మేడమ్ ఉపన్యాసాలు పెట్టింది, టీ బిస్కెట్లు పెట్టింది. వచ్చినవాళ్లు టీ తాగి వెళ్లిపోయారు.

చివరికి ఉపాయం చెప్పింది ఫెబా. శిల్పాలన్నిటికీ తెల్లగుడ్డలు కప్పాలి. వాటి మధ్య కొందరు విద్యార్థులు కూడా గుడ్డ కప్పుకుని కదలకుండా నిలబడాలి. లైట్లు తగ్గించాలి. ఏది రాయో, ఎవరు మనిషో వచ్చినవాళ్లు చూసి కనిపెట్టాలి. రాయైతే ముసుగు తీసి, దాని ముందే కూర్చుని బొమ్మ గీసుకోవాలి.

ఈ సాయంత్రం హాల్లో నిలబడడానికి చోటు లేదు. ఆ సంతోషం ఫెబాకు ఎంతోసేపు దక్కలేదు.

నాయన ఇమ్మానుయేలు ఆళ్లగడ్డలో చర్చి పెద్ద. విగ్రహాలున్న చోట తన బిడ్డ తిరగడం ఆయనకు గిట్టదు. పోయిన ఆదివారం అన్నం ముందు కూర్చుని చెప్పాడు.

“ఆ బొమ్మల హాల్లో ఉండావని ఇంగోసారి నా చెవిన పడితే, ఆ పొద్దుతోనే నీ చదువు బంద్.”

ఊరికే బెదిరించే మనిషి కాదు. కాలేజీ ఫంక్షన్‌లో డాన్స్ చేసిందని అక్క ఎలిజబెత్ చదువు ఇంటర్ మధ్యలోనే మాన్పించాడు. అక్కను హాస్టల్ నుంచి ఇంటికి తెచ్చింది అన్న డేవిడ్. బేతంచెర్ల నుంచి నాపరాళ్ల లారీ తోలే డేవిడ్ నాయన మాట ఏనాడూ దాటలేదు. ఆదివారం కూడా తల వంచుకుని తిని, చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

ఈ మధ్యాహ్నం ఫెబా ఉత్సాహం పట్టలేక హాలు ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది. డేవిడ్ చూసినట్టు తెలియగానే తీసేసింది.

“మా అన్న చెప్పేసినాడు మేడమ్,” అంది ఫెబా.

“నేను పోయి మీ నాయనతో మాట్లాడతా.”

“వద్దు మేడమ్. ఈడ కనపడితే చాలు, ఈ పొద్దే హాస్టల్ ఖాళీ చేయిస్తాడు. అక్కకు అట్లనే చేసినాడు.”

బయట లారీ హారన్ మోగింది. ఆగకుండా మోగింది. ఆ వెనకే డేవిడ్ అరుపు.

“ఫెబా! యాడుండావే? నాయన వచ్చినాడు! బయటికి రా!”

హాలుకు ఉన్నది ఒకటే తలుపు. ఫెబా క్లాస్‌మేట్ ఒకమ్మాయి కింద పడ్డ గుడ్డ తీసి ఆమె తల మీద కప్పింది. రెండు శిల్పాల నడుమ ఖాళీగా ఉన్న దిమ్మె మీదికి ఎక్కించింది.

“కదలద్దు. ఊపిరి మెల్లగా తీసుకో.”

గుడ్డ పొట్టిది. పాదాలు బయటే ఉన్నాయని ఫెబాకు అప్పుడు తెలిసింది. మార్చుకునే వ్యవధి లేదు. అడుగులు తలుపు దాకా వచ్చేశాయి.

“నేను ఈ గడప తొక్కను,” నాయన గొంతు. “నువ్వు పోయి ఒక్కో గుడ్డా ఎత్తి చూడు.”

“నువ్వు ఆడనే ఉండు నాయనా. నేను చూస్తా.”

“ఎవరప్పా నువ్వు? పిల్లోళ్లు బొమ్మలు గీసుకుంటాండారు,” సౌమ్య మేడమ్ అడ్డుపడింది.

“మా చెల్లెలి కోసం వచ్చినా మేడమ్. పక్కకు జరగండి.”

గుడ్డలు ఎత్తుతున్న చప్పుడు. ఒక నంది. ఒక నాట్యగత్తె. మూడో గుడ్డ కింద ఎవరో కుర్రాడు “అన్నా, నేను మనిషినే” అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

ఫెబా కళ్లు వంచి చూసింది. గుడ్డ అంచు కింద రాతిదుమ్ము పట్టిన చెప్పులు వచ్చి ఆగాయి. అన్న చెప్పులు. దుమ్ము వాసన ముక్కుకు తగిలింది. బరువైన చెయ్యి ఆమె భుజం మీద పడింది.

వణకకూడదనుకుంది. మోకాళ్లు వినలేదు. రాయి వణకదు కదా. అన్న ఆ చెయ్యి తీయలేదు. అక్కను ఇంటికి తెచ్చిన రోజు, లారీ దిగుతూ ఏడ్చి ఏడ్చి ఉబ్బిన అక్క మొహం ఫెబా కళ్లముందు కదిలింది. ప్రభువా, అనుకుంది.

గుడ్డను ఒక్కసారి లాగినట్టయింది. అయిపోయింది అనుకుని కళ్లు గట్టిగా మూసుకుంది.

గుడ్డ ఊడలేదు. దాని అంచు కిందికి దిగి పాదాలను కప్పింది. చెప్పుల చప్పుడు తలుపు వైపు నడిచింది.

“ఉందా?” గడప అవతలి నుంచి నాయన అడిగాడు.

గుడ్డ కింద ఫెబా ఊపిరి బిగబట్టింది.

“అన్నీ రాళ్లే నాయనా,” అన్నాడు డేవిడ్.