గోడ మీది వెలుగు

బావి గట్టున కూర్చున్న ముసలాయన అద్దాన్ని మళ్లీ పక్కకు తిప్పాడు.

అడుగున గడ్డపార వేస్తున్న కేశవ చుట్టూ చీకటైపోయింది.

"ఏమప్పా, నేను బావి తొవ్విచ్చేది కిందికా, ఆ గోడలోకా?" అని కసిరాడు పక్కనే నిలబడ్డ తిప్పేస్వామి.

ముసలాయన వెలుగును అడుక్కు దించాడు. అయిదు నిమిషాలు నిలిచిందో లేదో, అది మళ్లీ తూర్పు గోడ ఎక్కి కూర్చుంది.

అది రెండువేల మూడు, ఎండాకాలం. బత్తలపల్లె చుట్టుపక్కల మూడేళ్లుగా వాన మొహం చూసినవాడు లేడు. తిప్పేస్వామి బత్తాయి తోటలో చీనీ చెట్లు నూటఇరవై, ఆకులు ముడుచుకుని నిలబడ్డాయి. పాత బావిని ఇంకో రెండు నిలువుల లోతు దించితే ఊట తగులుతుందని అతని ఆశ. తమ్ముడు కేశవ బెంగుళూరులో కట్టుబడి పనికి పోదామని సంచి కూడా సర్దుకున్నాడు. ఆపింది అన్నే. నీళ్లు పడితే ఇద్దరం ఈడే బతకొచ్చు, ఉండరా అన్నాడు. అన్న మాట మీద వాడు సంచి విప్పేశాడు.

అంత లోతు బావిలోకి ఎండ నేరుగా దిగేది మిట్టమధ్యాహ్నం ఒక్క గంట. మిగతా పొద్దంతా గట్టున ఎవరో ఒకరు అద్దం పట్టి ఎండను లోపలికి మళ్లించాలి. సూర్యుడు జరిగే కొద్దీ అద్దమూ జరగాలి. కూర్చుని చేసే పనే కదా అనిపిస్తుంది గానీ, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది, కళ్లు మండిపోతాయి. అందుకోసం తిప్పేస్వామి ఇంట్లో బీరువా తలుపుకున్న నిలువుటద్దాన్ని ఊడదీసి తెచ్చాడు.

ఆ అద్దం పడతానని తనంతట తానే వచ్చాడు ఈ ముసలి శివప్ప. ఎవరూ పిలవలేదు. ఇక్కడ బావి తవ్వుతున్నారని విని నడిచి వచ్చానన్నాడు. కూలి వద్దు, పగటిపూట ఇంత సంగటి పెడితే చాలన్నాడు. ఊరికే దొరికిన మనిషిని వద్దనేంత దొర కాదు తిప్పేస్వామి.

కానీ ఆ మనిషి చేతిలో వెలుగు ఒకచోట నిలిచేది కాదు. ఎంత తిట్టినా గోడ ఎక్కేది. కేశవకు మాత్రం అదొక వేడుక.

"అన్నా, తాత గోడ మీద సినిమా ఏస్తాండాడు" అని కింద నుంచి నవ్వేవాడు.

అయిదో రోజు వెలుగు గోడ మీదికి పోయి, ఇక కిందికి రాలేదు. శివప్ప గోడ వైపు వేలు చూపించాడు.

"చూడప్పా. ఆడ మెరుస్తాండాది."

తిప్పేస్వామి వంగి చూశాడు. గోడంతా పొడి మట్టి, ఎంత వెలుగు పడినా మింగేస్తోంది. ఒక్కచోట మాత్రం వేలెడు వెడల్పున ఒక చార ఆ వెలుగును తిరిగి పంపుతోంది. సన్నటి తడి. ఆ తడిలో ఆవగింజంత సూర్యుడు కనిపిస్తున్నాడు. మూడేళ్ల తర్వాత తన భూమిలో చెమ్మ. తిప్పేస్వామి అప్రయత్నంగా చేతులెత్తి దండం పెట్టాడు.

"సంతోషపడేది కాదప్పా అది. గోడ లోపల నానిపోయి ఉండాది. పిల్లోన్ని పైకి రమ్మను."

నీళ్ల కోసం అల్లాడుతున్నవాడికి ఆ మాట ఎలా ఎక్కుతుంది? తిప్పేస్వామికి ఒళ్లు మండింది. అయిదు రోజులు తన సంగటి తిని, తడి కంటబడగానే అపశకునం పలుకుతావా అని మీదికి పోయాడు. అద్దం లాక్కున్నాడు.

శివప్ప చేతులు జోడించాడు.

"ఈ పొద్దుకు పిల్లోన్ని పైకి పిలువు సామీ. రేపు నేనే దిగి తొవ్వుతా."

తిప్పేస్వామి ఆయన్ను రెక్క పట్టుకుని లేపి, చేను దాటించి వచ్చాడు. వచ్చి తానే గట్టున కూర్చుని అద్దం పట్టాడు. వెలుగునంతా తమ్ముడి గడ్డపార మీద నిలిపాడు, కాస్త కూడా చెదరనివ్వలేదు.

"ఇప్పుడు బాగా కనపడతాందన్నా" అన్నాడు కేశవ.

వాడు మాట్లాడిన చివరి మాట అదే. తూర్పు గోడ చీకట్లో ఎప్పుడు విడిపోయిందో తిప్పేస్వామి చూడలేదు, చప్పుడు మాత్రం విన్నాడు.

మట్టి తీసి కేశవను పైకి తేవడానికి రెండు రోజులు పట్టింది. వాణ్ణి చంపింది నేనే అని తిప్పేస్వామి కనపడినవాళ్లందరికీ చెప్పుకుని ఏడ్చాడు. ఊరుకోబెట్టడం ఎవరి వల్లా కాలేదు.

దినాలు ముగిశాక శివప్పను వెతుక్కుంటూ బయలుదేరాడు. కాళ్ల మీద పడాలి, ఆయన చేత చెప్పుతో కొట్టించుకోవాలి. నాలుగు ఊళ్లు తిరిగితే ఇల్లు దొరికింది. ఆయన భార్య బయమ్మ గడప దగ్గర శనక్కాయలు వలుస్తోంది. ధర్మవరం దిక్కున ఎవరో బావి దించుతున్నారని విని, మొన్ననే పోయాడని చెప్పింది.

"పదేండ్లుగా ఇంతే సామీ. యాడ బావి తొవ్వుతాండారని తెలిసినా ఇంట్లో నిలవడు. వాళ్లు తరుముతారు. ఇంగో తావుకు పోతాడు."

బావుల సంగతి ఆయనకు అంత బాగా ఎలా తెలుసమ్మా అని అడిగాడు తిప్పేస్వామి.

బయమ్మ చేతిలోని కాయను వలవకుండానే కింద పెట్టేసింది.

"మా కొడుకులిద్దరి మీద గోడ పడిన దినం, గట్టున అద్దం పట్టుకోని వెలుగంతా వాళ్ల గడ్డపారల మీదే పెట్టినోడు ఆయనే సామీ."