పార్కులో రిహార్సల్

ఫోన్లో మాట్లాడుతూ బండి నడుపుతున్న వ్యాన్ డ్రైవరు తిన్నగా ఒక టైలరింగ్ షాపులోకి దూసుకెళ్ళాడు.

ఆదివారం కాబట్టి షాపులో ఎవరూ లేరు. రెండు కుట్టుమిషన్లు మాత్రం తుక్కుతుక్కయ్యాయి.

తప్పు ఒప్పుకున్నాడని కోర్టు జైలు తప్పించి, పార్కు శుభ్రం చేయమంది. కానీ ఒక మెలిక పెట్టింది. షాపు యజమానిని కలిసి క్షమాపణ అడగాలి. యజమాని సరేనంటేనే కేసు మూసేస్తారు, లేదంటే జైలే.

పార్కులో శిక్ష పడ్డవాళ్ళకీ, తోడుగా పనిచేయడానికి వచ్చిన ఊళ్ళోవాళ్ళకీ ఒకటే రకం పచ్చకోటు. ఎవరూ చిన్నబుచ్చుకోకూడదని ఆ ఏర్పాటు.

డ్రైవరుకి జంటగా ఒక నడివయసు ఆవిడ పడింది. మాట కాస్త దురుసు, నవ్వు మాత్రం ధారాళం. ఈవిడ కూడా ఏదో వెలగబెట్టే వచ్చి ఉంటుందని డ్రైవరు ఖాయం చేసుకుని, పిన్నీ అని వరస కలిపేశాడు. మీదేం కేసని అడిగితే, ముందు నీ సంగతి చెప్పమంది.

అంతా చెప్పాడు. ఎంత మట్టయినా తవ్వుతాను గానీ, ఆ యజమాని ముఖం చూడాలంటేనే భయమన్నాడు.

"నేనే ఆ యజమాని అనుకో. అడుగు చూద్దాం," అంది పిన్ని, కలుపు పీకుతూనే.

"వ్యాను అదుపు తప్పిందండీ..."

"తప్పు వ్యాను మీదికి నెట్టకు. మళ్ళీ చెప్పు."

ఇక రోజూ ఇదే తంతు. కాసేపు యజమానిలా కసిరేది, కాసేపు పిన్నిలా పగలబడి నవ్వేది. డ్రైవరుకి పార్కుకి రావడమంటే సరదా పుట్టింది.

ఒకరోజు అతను పార పక్కన పెట్టి నిలబడ్డాడు.

"ఫోను పట్టుకుని నడిపింది నేనే. ఆ వేళ మీరు లోపల ఉండి ఉంటే ఏమయ్యేదోనని తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు. మీ పని మళ్ళీ గాడిన పడేదాకా నా వ్యాను మీకోసం తిప్పుతాను. క్షమించండి."

పిన్ని చేతిలో కలుపు పక్కన పడేసి, చేతులు దులుపుకుంది. తర్వాత, బాగా చెప్పావు, రేపు వెళ్ళిరా అంది.

మర్నాడు డ్రైవరు గుండె చిక్కబట్టుకుని షాపు మెట్లెక్కాడు. బట్ట కత్తిరిస్తున్న టైలరుతో తానెవరో చెప్పి, యజమానిగారు ఉన్నారా అని అడిగాడు.

టైలరు కత్తెర పక్కన పెట్టి, కుర్చీ జరిపాడు.

"కూర్చోండి. షాపు మా అమ్మదే, నిన్న పార్కు నుంచే కోర్టుకి ఫోన్ చేసి సరేనని చెప్పేసిందండీ."