గరిటె చప్పుడు

ఆ కాలానికి ఇంటింటికీ పనులు చేసిపెట్టే ఒక మర వచ్చేసింది. అది ఏం చేయాలో, ఎలా ఉండాలో ఒక మనిషి వచ్చి రాసుకుపోయాకే పనిలోకి దిగేది.

ఓబులేసు గొర్రెలు తోలుకుపోతే, చూపు పోయిన భార్య నాగులమ్మకు అంబలి పోయడానికి మరను పెట్టుకున్నాడు. రాసుకోవడానికి వచ్చిన నీలవేణి "ఏం చెయ్యాల తాతా?" అంటే, "కూడు పెట్టాల" అన్నాడు. "ఎట్లుండాల?" అంటే, "సద్దు చేయగూడదు" అన్నాడు. అంతకు మించి మాట్లాడే మనిషి కాదు.

నెల తిరిగేసరికి నాగులమ్మ సగమైపోయింది. రెండు గుక్కలు తాగి గిన్నె పక్కకు నెట్టేస్తోంది.

నీలవేణి మళ్లీ వచ్చి చూసింది. "రాసిందంతా చేస్తాంది తాతా. మరలో లోపం లేదు."

"కుండ నిండా ఉంది, తాగు," అన్నాడు ఓబులేసు భార్యతో.

"కరువులోనూ ఇట్లే అంటివి. నాకు పోసి నువ్వు పస్తుంటివి," అంది నాగులమ్మ.

మర సద్దు లేకుండా గరిటె ముంచి పోయడం ఓబులేసు చూశాడు. తాను పోసేటప్పుడు గరిటె కుండకు తగిలేది. ఆ చప్పుడును బట్టి ఇంకా ఎంత మిగిలిందో తెలుసుకున్నాకే ఆమె తాగేది. ఆ చప్పుడునే తాను వద్దన్నాడు.

"రాసుకో పాపా. గరిటె కుండకు తగలాల."

"ఇది ఏం చెయ్యాలనే దాంట్లో రాయాల్నా, ఎట్లుండాలనే దాంట్లోనా?"

"కూడు పెట్టాలన్నదాని పక్కనే రాయి."

మర గరిటె ముంచింది. కుండ ఖాళీదానిలా ఖంగుమనలేదు, నిండుగా పలికింది. నాగులమ్మ చెవి ఒగ్గి వింది.

"ఉందిలే నీక్కూడా," అంటూ గిన్నె అందుకుంది.