తిరగని లెన్సు

"మళ్ళీ ఒకసారి నొక్కి చూడమ్మా," అన్నాడు చంద్రశేఖరం.

మోనిష కెమెరాను కంటికి ఆనించుకుని మీట సగం నొక్కింది.

లెన్సు కదల్లేదు. ఎదురుగా గోడ మీది క్యాలెండరు మసకగానే ఉండిపోయింది.

వేలూరు బజారులో చంద్రశేఖరం పాత కెమెరాలు అమ్మే అంగడి అది. గుడియాత్తం నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చింది మోనిష. నాన్న చిన్నరాజు మేస్త్రీ పనికి పోతాడు. ఆమె గృహప్రవేశాలకీ, చెవులు కుట్టే వేడుకలకీ ఫోటోలు తీస్తుంది. ఉన్నది ఒకటే కెమెరా, అన్నిటికన్నా చవక రకం. దానితోపాటు వచ్చిన లెన్సు మొన్న ఒక పెళ్ళింట్లో కిందపడి పగిలిపోయింది.

ఆదివారం మోర్ధానాలో ఒక వేడుక ఒప్పుకుంది. లెన్సు దొరక్కపోతే ఆ పని పోయినట్టే. ఒకసారి మాట తప్పితే ఆ పక్క ఊళ్ళలో మళ్ళీ ఎవరూ పిలవరు.

"ఇది ఆటోఫోకస్ లెన్సే కదన్నా?"

"అవునమ్మా. దాని మీదనే రాసుండాది చూడు."

"మరి తిరగదేంది?"

చంద్రశేఖరం లెన్సు ఊడదీసి తన పెద్ద కెమెరాకు తగిలించాడు. మీట నొక్కగానే అది గిర్రున తిరిగింది. క్యాలెండరు మీది అంకెలు కడిగినట్టు తేటపడ్డాయి.

"చూస్తివా? లెన్సు బంగారం. నీ బ్యాటరీలో చార్జి చాలదు, అంతే. ఇంటికి పోయి చార్జి పెట్టుకో, అదే తిరుగుతుంది."

మోనిష ముఖం విప్పారింది. అమ్మ అంబుజం చీటీ ఎత్తి ఇచ్చిన డబ్బు కోసం సంచిలో చెయ్యి పెట్టింది.

"వద్దమ్మా, వేండాం. కొనబాకు."

ఆ మాట అన్నది గోడవార బెంచీ మీద కూర్చున్న ముసలాయన. ఒళ్ళో మందుల సంచి ఉంది. ఆమె వచ్చినప్పటి నుంచీ ఆయన చూపు ఆ లెన్సును వదల్లేదు.

"ఆదిమూలం, నువ్వు గమ్మునుండప్పా!" చంద్రశేఖరం గొంతు తగ్గించి కసిరాడు.

ఆయన వినలేదు. లేచి వచ్చాడు.

"ఎంత చార్జి పెట్టినా నీ కెమెరాలో ఇది తిరగదు తల్లీ. ఈ లెన్సులో మోటారు లేదు. కెమెరాలో ఉండాల. ఆ పెద్దదాంట్లో ఉండాది, నీదాంట్లో లేదు. ఇట్లా రా, చూపిస్తా."

పెద్దదాని నుంచి లెన్సు ఊడదీసి, రెండు కెమెరాలూ పక్కపక్కన పెట్టాడు. పెద్దదాని నోటి అంచున, లెన్సును పట్టి తిప్పే చిన్న స్క్రూ మొన పొడుచుకుని ఉంది. మోనిష కెమెరాలో ఆ చోటు నున్నగా ఉంది.

"చేత్తో తిప్పుకుంటే కుదరదా? ఆదివారం చెవులు కుట్టే పని ఉండాది."

"కదలకుండా కూర్చునే మనిషినైతే తీయొచ్చు. బిడ్డ చెవి కుట్టేటప్పుడు ఊరికే ఉంటుందా? నువ్వు తిప్పుకునే లోపల అంతా అయిపోతుంది. అన్నీ మసకే వస్తాయి."

మోనిష చంద్రశేఖరం వైపు తిరిగింది. "నా కెమెరాలో తిరిగేది ఇంకోటి చూపించన్నా."

"మోటారుండేవి ఇప్పుడు లేవమ్మా," అన్నాడాయన ముఖం తిప్పుకుని.

ఉన్న ఆశ కాస్తా ఆరిపోయింది. ఆమె కోపమంతా ముసలాయన మీదికి మళ్ళింది.

"వచ్చినప్పటి నుంచీ చూస్తానే ఉండా. దాని మీద నుంచి కన్ను తీయలేదు మీరు. నేను పోతే చవగ్గా కొట్టేద్దామనా?"

ఆదిమూలం లెన్సును చొక్కా అంచుతో తుడిచి, మూత పెట్టి, అద్దాల పెట్టెలో ఉంచాడు.

"ఇంకొకళ్ళ బేరం చెడగొట్టి ఏం బాగుపడతారో!" అనేసి మోనిష మెట్లు దిగింది.

ఆదివారం మోర్ధానా వాళ్ళు వేరే మనిషిని పిలుచుకున్నారు.

గుడియాత్తంలో స్టూడియో నడిపే విమల్‌కు జరిగింది చెప్పుకుని ఏడ్చింది మోనిష.

"ఆయన చెప్పింది నిజం మోనిషా," అన్నాడు విమల్. "నీ కెమెరాలో అట్లాంటి లెన్సు తిరగనే తిరగదు. కొనుంటే మీయమ్మ చీటీ దుడ్డు బూడిదలో పోసినట్టే. ఎవరు చెప్తారు చెప్పు, అంగట్లో నిలబడి అట్లా?"

తాను అన్న మాటలు గుర్తొచ్చి ఆమెకు అన్నం సహించలేదు.

మళ్ళీ వేలూరు పోయినప్పుడు నేరుగా ఆ అంగడికే వెళ్ళింది. బెంచీ మీద ఎవరూ లేరు. అద్దాల పెట్టెలో ఆ లెన్సూ లేదు.

"ఆ పెద్దాయన యాడుండాడన్నా? ఒక మాట చెప్పాల."

"ఇంక రాడమ్మా," అన్నాడు చంద్రశేఖరం. "పెండ్లానికి ఆపరేషను చేయించాలని ఊరి నుంచి తీసుకొచ్చినాడు. తొరపాడిలో గది తీసుకుని ఉండినారు. ఉన్నదంతా ఆసుపత్రిలో కట్టినాడు, కడాకు కొంచెం తక్కువైంది. అది సమకూరే లోపల ఆయమ్మ పోయింది."

మోనిష అద్దాల పెట్టె వైపు చూస్తూ అడిగింది.

"ఆ లెన్సు ఆయనే కొనుక్కుని పోయినాడా?"

చంద్రశేఖరం తల ఎత్తలేదు.

"కొనేదేందమ్మా... బ్యాటరీ అని ఆ పొద్దు నేను నీకు అబద్ధం చెప్పింది ఎవరి కోసమనుకుంటివి? ఆపరేషను దుడ్డుకని, ఆ లెన్సు అమ్మిపెట్టమని నా కాడ ఇచ్చిందే ఆయన."