నోటిదాకా వచ్చిన మాట

“అమ్మా, అది నా టీ!”

ముసలావిడ అప్పటికే రెండు గుక్కలు తాగేసింది. కప్పును ఓసారి, పక్క కుర్చీలో ఉన్నావిడను ఓసారి చూసి నవ్వింది.

“అలాగా! నాదే అనుకున్నాను. ఇంతేసి పంచదారతో తాగుతావా అమ్మాయ్?”

టీ తాగేసింది చాలక పైగా వంకలు. పక్కావిడకు ఒళ్ళు మండింది. మామూలు రోజయితే తనూ నవ్వేసేది. ఇవాళ ఆ ఓపిక లేదు. పరీక్షలన్నీ అయ్యాయి, మెదడుకు స్కాన్ తీశారు. ఏం తేలిందో చెప్పడానికి ఇక లోపలికి పిలవాలి.

రేడియోలో వార్తలు చదవడం ఆవిడ ఉద్యోగం. వీధిలో అందరూ వార్తలావిడ అనే అంటారు. ఎంత నోరు తిరగని పేరైనా ఆవిడకు మంచినీళ్ళ ప్రాయం. అలాంటిది మొన్న వార్తల మధ్యలో వరద గురించి విలేకరిని ఫోన్లో అడుగుతూ, “నది మీదున్న ఆ... అదే, ఆ...” అంటూ ఆగిపోయింది. వంతెన అన్న మాట నోటిదాకా వచ్చి పైకి రాలేదు. ఊరు ఊరంతా విన్నది.

ఇంట్లోనూ అంతే. గరిటెను ‘అది’, తాళాన్ని ‘ఇది’ అంటుంటే, “రేపు నన్నేమంటావో” అని మొగుడు వేళాకోళం చేశాడు. ఆవిడకు నవ్వు రాలేదు. వాళ్ళమ్మకూ ఇలాగే మొదలైంది. చివరికి కన్నకూతుర్ని పట్టుకుని “ఎవరమ్మాయివి?” అని అడిగింది.

తనకూ అదే అయితే రేపే ఉద్యోగం మానేస్తుంది. నలుగురూ జాలిపడేదాకా ఆగదు.

నెలసరి ఆగిపోయే వయసులో ఆడవాళ్ళ మెదడుకు ఏమవుతుందో చూసే పరిశోధనశాల ఇది. వాలంటీర్లు కావాలంటే భయపడుతూనే వచ్చింది.

“ఎందుకొచ్చావమ్మాయ్?” ముసలావిడే అడిగింది.

“మాటలు మర్చిపోతున్నానండీ.”

“వయసెంత?”

“యాభై దగ్గర పడింది.”

“నెలసరి సరిగ్గా వస్తోందా?”

ఎదురుగా ఎవరి మొగుడో పేపరు చదువుకుంటున్నాడు. ఆ మాటతో పేపరు కాస్త పైకి లేచి అతని మొహాన్ని దాచేసింది.

“తప్పుతోంది,” అంది వార్తలావిడ గొంతు తగ్గించి.

“అయితే మరేం భయం లేదు. కొత్తింట్లోకి దిగినట్టే ఇది. సామానంతా ఇంట్లోనే ఉంటుంది, ఏదెక్కడుందో కొన్నాళ్ళు తెలీదు. తర్వాత అదే సర్దుకుంటుంది.”

అన్న తీరులో ఎంతో నమ్మకం ఉంది. వార్తలావిడ మనసు కాస్త కుదుటపడింది. అంతలో ముసలావిడ మళ్ళీ ఇటు తిరిగింది.

“ఎందుకొచ్చావమ్మాయ్?”

“ఇప్పుడే చెప్పాను కదండీ!”

“అలాగా! వయసెంత?”

వచ్చిన ఆ కాస్త ధైర్యమూ జారిపోయింది. ఇలాంటి మనిషి మాటా తను నమ్మింది!

“మీకేం తెలుసని నాకు చెబుతున్నారు? ముందు మీ సంగతి మీరు చూసుకోండి!”

ముసలావిడ చిన్నబుచ్చుకుని తల దించుకుంది.

అప్పుడే లోపలికి పిలిచారు. ఫలితాలు చెప్పే పరిశోధకురాలికి వార్తలావిడ కూతురి వయసు ఉంటుంది.

“మీ అమ్మగారి జబ్బు కాదండీ,” అంది ముందే. “ఆ లక్షణాలేవీ లేవు. అండాశయాల్లో తయారయ్యే హార్మోను మెదడుకూ కావాలి. అది తగ్గుతోంది కాబట్టి మీ మెదడు తడబడుతోంది. మెల్లగా అలవాటు పడుతుంది. చాలామందికి మాటలు తిరిగొస్తాయి.”

“నిజమేనా? నన్ను ఓదార్చడానికి అనడం లేదు కదా?”

“కొందరు ఆడవాళ్ళనే ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ పరీక్షించి తేల్చిన సంగతండీ. అంతకుముందు మీలాంటి వాళ్ళు వస్తే ఓ నిద్రమాత్ర ఇచ్చి పంపేసేవారు.”

వార్తలావిడ భోరున ఏడ్చేసింది. ఉద్యోగం ఉంటుంది. పిల్లల పేర్లు గుర్తుంటాయి. అంతకంటే ఏం కావాలి?

కళ్ళు తుడుచుకుంటుంటే బయటి మనిషి గుర్తొచ్చింది.

“బయట కూర్చున్న పెద్దావిడకీ ఇదేనా?”

పరిశోధకురాలి మొహం వాడిపోయింది.

“కాదండీ. ఆవిడది మీ అమ్మగారి జబ్బే. ఇంట్లో ఉంటే కంగారు పడిపోతారు. ఇక్కడైతే నెమ్మదిగా ఉంటారు. అందుకే రోజూ తీసుకొస్తాం.”

వార్తలావిడ ప్రాణం ఉసూరుమంది. గబగబా బయటికొచ్చి ముసలావిడ పక్కన కూర్చుంది.

“ఇందాక మిమ్మల్ని కసిరాను. తప్పయిపోయిందండీ.”

“ఎప్పుడమ్మాయ్?”

వార్తలావిడ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

“మీరన్నదే నిజమండీ. నా మాటలు నాకు తిరిగొస్తాయట. ఏళ్ళ తరబడి పరిశోధన చేసి తేల్చారట.”

ముసలావిడ మొహం వికసించింది.

“ఎంత మంచి కబురు చెప్పావమ్మాయ్! ఆ తేల్చినవాళ్ళెవరో గానీ చల్లగా ఉండాలి. ఇంతకీ ఎవరమ్మా వాళ్ళు?”

వార్తలావిడకూ తెలియదు. వెనకే వచ్చిన పరిశోధకురాలి వైపు చూసింది.

ఆ అమ్మాయి ముసలావిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, జారిపోతున్న శాలువా సర్ది, రోజూ చెప్పే మాటే మళ్ళీ కొత్తగా చెప్పింది: “మీరే మేడమ్.”